వెనక ఎడమవైపు

సౌండు పని చేసేవాళ్ళకి ఒక పాడు అలవాటుంటుంది. పెళ్ళికి వెళ్తే మేళం వినరు, మైకు ఎక్కడ కూస్తోందో వింటారు. చావింటికి వెళ్ళినా అంతే, అందరి ఏడుపుల వెనకా ఫ్యాను కిర్రుమంటోందని వాళ్ళ చెవికే తెలుస్తుంది. సత్యవేణి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పనిలో ఉంది. మణికొండలో సినిమా శబ్దాలు కలిపే ఆమె మిక్సింగ్ థియేటరంటే సినిమావాళ్ళకి గురి. చెవి అంటే వేణమ్మ చెవేనంటారు. అలాంటి చెవి పెట్టుకుని నలభై రోజుల పాటు ఆమె ఏం వినలేదో చెప్పడానికే ఈ కథ.

ఆమె అన్నయ్య సూరిబాబుకి అరవై తొమ్మిదేళ్ళు. రామచంద్రపురం టాకీసులో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేశాడు. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోతే, ఆరేళ్ళ చెల్లెల్ని వెంటేసుకుని తిరిగి పెంచింది ఆయనే. తలకి నూనె రాసింది ఆయనే, బళ్ళో వేసింది ఆయనే, తర్వాత ఆ పిల్ల సౌండు పని నేర్చుకుంటానంటే ఊరంతా నవ్వుతున్నా మద్రాసు రైలెక్కించింది కూడా ఆయనే. తనకి పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "మాకు బుల్లెమ్మ ఉందిగదండీ" అనేవాడు. బుల్లెమ్మంటే మన సత్యవేణే. ఆ పేరుతో పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు ఆయనొక్కడే.

భార్య మంగతాయారు పోయి నాలుగేళ్ళయింది. ఆమె పోయిన రెండో ఏటి నుంచీ సూరిబాబుకి మతిమరుపు మొదలైంది. వేణి ఆయన్ని హైదరాబాదు తెచ్చుకుని తన దగ్గరే పెట్టుకుంది. ఈ జబ్బుకి ఒక వరస ఉందని డాక్టర్లు చెప్పారు. ముందు నిన్నటివి పోతాయి, తర్వాత మొన్నటివి, బాగా పాతవి ఆఖరున పోతాయి. పొద్దున తిన్న టిఫిను ఆయనకి మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. బుల్లెమ్మ మాత్రం ఎప్పుడూ గుర్తే. రోజుకి ఇరవైసార్లు పిలిచేవాడు, సగం సార్లు పనేం లేకుండానే.

ఒకరోజు పొద్దున వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"బుల్లెమ్మా, మీ వదిన మాట ఎలా ఉండేదే?"

వేణి పెసరట్టు తిరగేస్తోంది. "అదేంటన్నయ్యా?"

"మొహం కనపడతంది. నోరు కదుపుతంది. మాట రావట్లేదే. సౌండు పోయిన రీలులాగ ఆడతంది." గ్లాసు ఒరిగి కాఫీ చొక్కా మీద ఒలికింది. "అదీ పోతే నా దగ్గరింకేం మిగులుద్దే?"

వేణి పొయ్యి ఆర్పేసింది. ఆవిడ వృత్తే పోయిన సౌండుని వెనక్కి తేవడం. అన్నయ్య అడిగింది అదే. చెయ్యలేనని ఎలా అంటుంది?

అదృష్టమో దురదృష్టమో గానీ అప్పటికే డాక్టర్ తబస్సుమ్ ఆమె థియేటరు చుట్టూ తిరుగుతోంది. ఆవిడ మెదడు మీద పరిశోధన చేసే మనిషి. పదకొండేళ్ళు కష్టపడి ఒక యంత్రం తయారు చేసింది, దానికి పునఃశ్రవణం అని పేరు పెట్టింది. చూడ్డానికి చంటిపిల్లల కుల్లాయిలాంటి గుడ్డ టోపీ, దానికి లోపల బొత్తాల్లాంటి బిళ్ళలు. అది పెట్టుకుని ఒక పాత సంగతి తల్చుకుంటే, అప్పుడు విన్న శబ్దాలన్నిటినీ యంత్రం పట్టుకుంటుంది. శబ్దమే కాదు, అది ఏ పక్కనుంచి వచ్చిందో కూడా మెదడు దాచుకుంటుందట. అందుకే చుట్టూ స్పీకర్లున్న మంచి గది కావాలి. జ్ఞాపకాన్ని మళ్ళీ మళ్ళీ అలా చుట్టూ వినిపిస్తే అది గట్టిపడుతుందని, జబ్బు దాన్ని తినలేదని ఆవిడ నమ్మకం.

"మా ల్యాబులో గది ఉంది గానీ, దాన్ని వినడం మావాళ్ళెవరికీ రాదు వేణిగారూ. మీరు నడిపితేనే అవుతుంది" అంది.

వేణి అన్నయ్యని అడిగింది. ఆయన నిమిషం కూడా ఆలోచించలేదు. మాసిన చొక్కా విప్పేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, "పదవే, మీ వదిన దగ్గరకేగా" అన్నాడు.

వేణి థియేటరుకి సినిమావాళ్ళు పది దాటాక గానీ రారు కాబట్టి అక్కడే పొద్దున్నే ఏడింటికి పెట్టుకున్నారు. థియేటరు మధ్యలో కుర్చీ వేసి సూరిబాబుని కూర్చోబెట్టారు. ఆయన ముందు మూడు స్పీకర్లు, ఎడమ, మధ్య, కుడి. వెనక రెండు. మూలన గుమ్మనే శబ్దాల కోసం ఒక పెద్ద పెట్టె. వేణి, డాక్టరు అద్దం వెనక చిన్న గదిలో కూర్చున్నారు. అక్కడా అదే వరసలో చిన్న స్పీకర్లున్నాయి. రెండు గదుల్నీ నడిపేది ఒక్కటే పలక, మానిటర్ పలక. జానెడు వెడల్పుంటుంది. ఒక పెద్ద గుండ్రటి మీట, ఒక్కో స్పీకరుకి రెండేసి బటన్లు. సోలో నొక్కితే ఆ ఒక్కటే వినపడుతుంది, మ్యూట్ నొక్కితే ఆ ఒక్కటి మూగబోతుంది. పక్కన టాక్‌బ్యాక్ బటన్. అది నొక్కి పట్టుకుంటే మిగతా శబ్దాలన్నీ వాటంతటవే తగ్గి, మన మాట అవతలి గదిలో వినపడుతుంది.

మద్రాసులో వేణికి పని నేర్పిన పరంజ్యోతి మాస్టారు మొదటి రోజే ఈ పలక చూపించి రెండు మాటలు చెప్పాడు. "ఇది నీ చెవి కోసం అమ్మా. దీని మీద ఏం నొక్కినా టేపుకి అంటదు, భయపడకు." అది మొదటిది. "అయినా సరే, దేన్నైనా మూగబెట్టే ముందు దాన్ని ఒక్కసారి ఒంటరిగా విను. తీసేసేదేమిటో నీకు తెలియాలి." ఇది రెండోది. మొదటి మాట వేణికి రక్తంలో కలిసిపోయింది. రెండోది కూడా ఇరవై ఎనిమిదేళ్ళూ పాటించింది, పాటించాల్సిన రోజున తప్ప.

"ఏం తల్చుకోమంటావే?" సూరిబాబు కుర్చీలోంచి అడిగాడు.

"నీకు ఏది ముందొస్తే అది. వదినతో."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపు ఏమీ లేదు, సముద్రం దూరంగా ఉన్నట్టు హోరు. ఆ హోరులోంచి మెల్లిగా సైకిలు చైను చప్పుడు తేలింది. కుడి పక్కన నీళ్ళు, కాలవ గట్టు దారి. ఇంతలో మధ్య స్పీకర్లోంచి, నలభై అయిదేళ్ళ కిందటి ఆడమనిషి గొంతు, కొత్త పెళ్ళికూతురి గొంతు, అతి దగ్గరగా వచ్చింది.

"మెల్లిగా తొక్కండీ. మనల్నేవన్నా లారీ తరుముతుందా? చేటలో బియ్యం ఎగరేసినట్టు ఎగరేత్తన్నారు నన్ను."

వదినే. సైకిలు ముందు రాడ్డు మీద కూర్చుని మాట్లాడుతోంది. అద్దం అవతల అన్నయ్య కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

కానీ మాట తేటగా లేదు. వెనక ఎడమవైపు స్పీకర్లోంచి ఒక గోల అడ్డం పడుతోంది. టిక్కు టిక్కుమని రేకు మీద కొట్టినట్టు చప్పుడు, దానితో పాటు సన్నగా ఈగ రొద పెట్టినట్టు ఒక కూత.

"అదేంటి?" అంది వేణి.

"బిళ్ళల తాలూకు గోల కావచ్చు. పోయిన నెల ఇంకొకాయనకీ ఇలాగే వచ్చింది" అంది తబస్సుమ్.

అన్నయ్య మొహం చూస్తూ, వదిన మాట ఎక్కడ చెదిరిపోతుందోనన్న ఆత్రంలో, వేణి చెయ్యి దానంతటదే వెళ్ళి వెనక ఎడమవైపు మ్యూట్ నొక్కేసింది. ఒంటరిగా వినలేదు. బటన్ మీద ఎర్ర దీపం వెలిగింది. వదిన మాట కడిగిన ముత్యంలా బయటపడింది.

కుర్చీలో సూరిబాబు కుడి మడమ నేలకి ఆనించి గట్టిగా రాశాడు. మెడ తిప్పి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు. మళ్ళీ చూశాడు.

వేణి టాక్‌బ్యాక్ నొక్కి, "అన్నయ్యా, కదలకు. ముందుకే చూడు" అంది.

ఆయన చెప్పిన మాట వినే మనిషి. ముందుకి తిరిగాడు.

"మీరిప్పుడు నొక్కిందేంటి?" అని అడిగింది తబస్సుమ్, నోట్సు రాసుకుంటూ.

"మానిటరే లెండి. రికార్డింగుకి అంటదు. డిస్కులో అన్నీ భద్రంగా ఉంటాయి."

ఆ మాట అక్షరాలా నిజం. డాక్టరు తలూపి రాసుకుంది. ఒకరికి మెదడు తెలుసు, ఒకరికి పలక తెలుసు. రెండూ తెలిసినవాళ్ళు ఆ గదిలో లేకపోయారు.

ఆ రోజు ఇంటికొచ్చాక సూరిబాబు ఆనందం చూడాలి. "చేటలో బియ్యం ఎగరేసినట్టట, విన్నావా" అని పదిసార్లు చెప్పాడు, పదిసార్లూ కొత్తగా నవ్వాడు. రెండు పూటలా కడుపు నిండా తిన్నాడు. వేణికి వదిన పోయిన తర్వాత మొదటిసారి ఇల్లు ఇల్లులా అనిపించింది. ఇంత మంచి జరుగుతుంటే ఇంకేం అనుమానం వస్తుంది ఎవరికైనా?

నలభై రోజుల్లో ముప్ఫై రెండుసార్లు కూర్చున్నారు. పదకొండు జ్ఞాపకాలు బయటికొచ్చాయి. మంగతాయారు చేపల పులుసు కలుపుతూ గొణగడం, ప్రొజెక్టరు గదిలోకి క్యారేజీ తెచ్చి వేడికి తిట్టుకోవడం, జ్వరంలో పేరు పెట్టి మొగుణ్ణి పిలవడం. అన్నిట్లోనూ వెనకవైపు ఏదో ఒక గోల. రేకు చప్పుడు కాకపోతే చిన్న చిన్న అడుగులు, అడుగులు కాకపోతే ఆ సన్నటి కూత. వేణికి చిరాకు కూడా కలగడం మానేసింది. దుమ్ము దులిపినట్టు మ్యూట్ నొక్కి పనిలో పడేది. సూరిబాబు మడమ రాయడం నాలుగో రోజుకి తగ్గింది. పదో రోజుకి అసలు లేదు. కుదురుగా కూర్చోవడం అలవాటైందని ఇద్దరూ సంతోషించారు.

దీపం కింద చీకటంటారు చూడండి. ఎక్కడో కూసే మైకుని పట్టుకునే చెవికి, ఇంట్లో ఆగిపోయిన పిలుపు పట్టుబడలేదు. రెండు రోజులుగా అన్నయ్య బుల్లెమ్మా అనలేదని ఆమె గమనించలేదు. వారమైనా గమనించలేదు. ఒకరోజు భోజనమయ్యాక ఆయన తన కంచం తనే కడిగి బోర్లించాడు. ఎందుకన్నయ్యా అంటే మొహమాటంగా నవ్వాడు. ఇంకోరోజు, "ఉప్పు కొంచెం ఇలా అందిత్తారాండి?" అన్నాడు. ఆయనకి వేళాకోళం ఎక్కువే కాబట్టి ఆమె కూడా, "తీసుకోండి బావగారూ" అని నవ్వేసింది. ఆయన నవ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున వేణి బట్టలు ఆరేసి వచ్చేసరికి, సూరిబాబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండు లుంగీలు మడిచి సంచిలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నాడు.

"చాలా రోజులైనట్టుందండి నేనొచ్చి" అన్నాడు. "మీరు బాగా చూసుకున్నారు. మర్చిపోను. ఇంట్లో మా ఆవిడ ఎదురుచూత్తంటది. సెలవిప్పించండి మరి."

"అన్నయ్యా, ఏంటిది? నేను బుల్లెమ్మని."

ఆయన చేతులు జోడించాడు. "ఆయ్, మంచి పేరండి."

వేణి కుర్చీ పట్టుకుని కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటూ, "మీకు చెల్లెలు లేదా?" అని అడిగింది. అన్నయ్యని మీరు అనడం ఆమె జన్మలో అదే మొదలు.

"లేదండి. నేనొక్కణ్ణే" అన్నాడు సూరిబాబు, ఎదుటి మనిషి ఎందుకు ఏడుస్తోందో అర్థంకాక ఇబ్బంది పడుతూ.

జబ్బు ముదిరిందేమో అంది తబస్సుమ్ ఫోనులో. వేణి ఒప్పుకోలేదు. కొత్తవి ముందు పోతాయన్నారు, పాతవి ఆఖరన్నారు. వదిన కంటే పాత దాన్ని నేను. వదిన మాట పొల్లుపోకుండా చెప్తున్న మనిషికి నేనెలా పోతాను? రేపు పొద్దున మొదటి జ్ఞాపకం మళ్ళీ తీద్దాం, ఏ బటనూ నొక్కకుండా అంది.

మర్నాడు ఏడింటికి మళ్ళీ కాలవ గట్టు వచ్చింది. చైను చప్పుడు, నీళ్ళు, చేటలో బియ్యం, అన్నీ వచ్చాయి. మ్యూట్ దీపాలన్నీ ఆరి ఉన్నాయి. అయినా వెనక ఎడమవైపు స్పీకరు పలకలేదు. దాని మీటరు ముల్లు కొంచెమైనా కదల్లేదు.

వేణికి ముందు వచ్చిన ఆలోచన, వైరు పోయిందని. పాపం, ఆ పనిలో ఉన్నవాళ్ళకి అదే వస్తుంది. అన్నయ్యని బయట సోఫాలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద వంగి వెనక వైరు పీకి కొత్తది పెట్టింది. జల్లుమనే పరీక్ష శబ్దం ఒక్కో స్పీకర్లోకీ పంపింది. ఎడమ పలికింది, మధ్య పలికింది, కుడి పలికింది, వెనక కుడి పలికింది, వెనక ఎడమ కూడా శుభ్రంగా పలికింది. స్పీకర్లు అటూ ఇటూ మార్చి చూసింది. గదిలో ఏ లోపమూ లేదు.

తబస్సుమ్ అప్పటికే మొదటి రోజు నుంచీ యంత్రం గీసిన శబ్దాల గీతల కాగితాలు తీసి బల్ల మీద పరిచింది.

"మొదటి రోజు ఇక్కడ ఉంది చూడండి, వెనక ఎడమవైపు. మూడో రోజుకి సగమైంది. పదో రోజుకి లేదు" అని వేలితో చూపించింది. "ఆ బటన్ రికార్డింగుకి అంటదన్నారు కదా వేణిగారూ?"

"అంటదు. కావాలంటే చూడండి, డిస్కులో మొదటి రోజుది అలాగే ఉంటుంది."

"డిస్కులో ఉంటుంది. ఆయనలో లేదు." డాక్టరు కళ్ళజోడు తీసేసింది. "జ్ఞాపకం ఊరికే ఒకచోట పడి ఉండదు. తల్చుకున్నప్పుడల్లా మెదడు దాన్ని బయటికి తీస్తుంది, పని అయ్యాక మళ్ళీ లోపల పెడుతుంది. బయట ఉన్నంతసేపూ అది పచ్చిగా ఉంటుంది. మనం స్పీకర్లలో ఎలా వినిపించామో, అలాగే లోపల పెట్టేసుకున్నారు ఆయన. మీ లెక్కలో టేపు డిస్కు. ఇక్కడ టేపు ఆయనే."

వేణి పలక వైపు చూసింది. ముప్ఫై రెండుసార్లు. ప్రతిసారీ ఈ చెయ్యే.

"ఆ రోజు నేను అడిగి ఊరుకున్నాను. తప్పు నాది కూడా" అంది తబస్సుమ్.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా వేణి, మాస్టారు చెప్పిన రెండో మాట అప్పుడు పాటించింది. మొదటి రోజు డిస్కు పెట్టి, వెనక ఎడమవైపు సోలో నొక్కింది. మిగిలిన లోకమంతా మాయమై, ఆ ఒక్క స్పీకరే మిగిలింది.

టిక్కు టిక్కుమని రేకు చప్పుడు. క్యారేజీ మూత మీద కొక్కెంతో కొడుతున్న చప్పుడు. దానితో ఆ సన్నటి కూత. ఈగ కాదు, కూనిరాగం. పాటేం కాదు, చిన్నపిల్లలు తమకి తోచినట్టు తీసే రాగం. అది ఆగి, ఒక ఆడపిల్ల గొంతు అడిగింది.

"అన్నయ్యా, ఇంకెంత దూరం?"

డబ్బింగు చెప్పే ఆర్టిస్టులు తమ గొంతు స్పీకర్లో వినగానే, "నా గొంతు ఇలా ఉండదండీ" అంటారు. అందరూ అంటారు, అందరినీ చూసి వేణి నవ్వేది. ఎవరి గొంతు వాళ్ళకి పరాయిదే అని వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పుడు తన గొంతుని తనే పోల్చుకోలేదు. సోలో తీసేసి, మధ్య స్పీకరు కలిపి విన్నప్పుడు సూరిబాబు జవాబు కూడా వినపడింది, కుర్రగొంతుతో, ఆయాసంతో.

"వచ్చేశామే. కొడతా ఉండు, ఆపకు. చప్పుడాగితే నువ్వు పడిపోయావనుకుంటా."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. వదిన ముందు రాడ్డు మీద, తను వెనక క్యారియర్ మీద ఎడమవైపుకి కాళ్ళు వేలాడేసుకుని, ఒళ్ళో అన్నం క్యారేజీ పెట్టుకుని. ఒకసారి కునుకు పట్టి కాలవ గట్టు మీద జారిపడితే, అన్నయ్య చాలా దూరం వెళ్ళిపోయి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు నుంచి అది ఇద్దరి మధ్యా ఒప్పందం. తను డబ్బా కొడుతూ ఉండాలి. చప్పుడు ఆగిందంటే ఆయన ఆపేస్తాడు. ఆ సైకిలుకి బ్రేకులు లేవు, కుడి మడమ నేలకి రాసి ఆపేవాడు.

మొదటి రోజు కుర్చీలో ఆయన మడమ రాసింది అందుకు. వెనక్కి తిరిగి చూసింది అందుకు. చెల్లెలు పడిపోయిందని ఆయన సైకిలు ఆపబోతే, కదలకు, ముందుకే చూడు అని చెప్పింది ఆ చెల్లెలే.

మిగతా జ్ఞాపకాల్లో వెనక వినపడిన చిన్న అడుగులూ, కూనిరాగమూ తనవే. వేణి బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. సినిమావాళ్ళు వచ్చి తలుపు కొడితే తబస్సుమ్ వెళ్ళి ఈ రోజు పని లేదని పంపించేసింది.

"వెనక్కి పెట్టండి" అంది వేణి చివరికి. "డిస్కులో ఉందిగా. మొత్తం కలిపి వినిపిద్దాం. ఎన్నిసార్లైనా సరే. ఆయన నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలు నాకు."

డాక్టరు అబద్ధం చెప్పే మనిషి కాదు. "ప్రయత్నించచ్చు. పాతిక ముప్ఫైసార్లు వింటే అంటుకున్నా అంటుకోవచ్చు. కానీ ఆయనకి ఇప్పుడు అది తన పాప కాదు, ఎవరో పాప. విసుక్కుంటూ విన్నారనుకోండి, ఆ విసుగు కూడా లోపలికి వెళ్తుంది. మంగతాయారుగారి మాటకి అంటుకుంటుంది. అక్కడ వేరు చెయ్యడానికి మన దగ్గర బటన్ లేదు."

ఆ రాత్రి వేణి వంట చేస్తే సూరిబాబు బావుందండి, బావుందండి అని తిన్నాడు. ఊరెళ్ళే సంగతి మర్చిపోయాడు గానీ సంచి మాత్రం పక్కలోనే పెట్టుకున్నాడు. పొద్దున్నే, "మా ఆవిడ మాట వినిపించేది ఈ రోజేనాండి?" అని అడిగి, తనే తల దువ్వుకుని తయారయ్యాడు.

ఏడింటికి ఆయన కుర్చీలో కూర్చున్నాడు. వేణి దీపాలన్నీ చూసుకుంది. ఒక్కటి కూడా వెలిగి లేదు, అన్ని స్పీకర్లూ తెరిచే ఉన్నాయి. మొదటి రోజు డిస్కు తిప్పింది.

చైను చప్పుడు. నీళ్ళు. మెల్లిగా తొక్కండీ అంటూ మంగతాయారు. సూరిబాబు మొహం విచ్చుకుంది. ఆ వెంటనే వెనకనుంచి టిక్కు టిక్కు మొదలైంది.

ఆయన నుదురు ముడిపడింది. "మేడమ్‌గారూ, వెనక ఎవరో డబ్బా కొడతన్నారండి."

వేణి వేళ్ళు ఒళ్ళో బిగించి పెట్టుకుంది.

"అన్నయ్యా, ఇంకెంత దూరం?" అంది పాప.

సూరిబాబు వెనక్కి తిరిగాడు. ఎడమ భుజం మీదుగానే తిరిగాడు. వేణి కుర్చీలోంచి సగం లేచింది. ఆయన ఖాళీ గోడ వైపు, ఆ స్పీకరు వైపు కాసేపు చూశాడు. తర్వాత అద్దం వైపు తిరిగి, మర్యాదగా చెప్పాడు.

"ఎవరో చిన్నపిల్లండి. వాళ్ళన్నయ్యని అడుగుతంది. ఎక్కడున్నాడో చూసి అప్పజెప్పండి, పాపం." మళ్ళీ ముందుకి తిరిగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. గొంతులో చిరాకు రాబోతోంది, దాని వెనక భయం కూడా ఉంది. "ఈ గోలలో మా ఆవిడ మాట అందట్లేదండి. పోతందండి. ఎలాగోలా ఆపించండి."

"ఇంకొక్క నిమిషం చూద్దామా?" అంది తబస్సుమ్ మెల్లిగా.

వేణి తల అడ్డంగా ఊపింది. టాక్‌బ్యాక్ నొక్కితే గదిలో శబ్దాలన్నీ తగ్గాయి.

"సరేనండి. పాపని పంపించేస్తాను. మీరు ముందుకే చూడండి" అంది.

"ఆయ్, చల్లగా ఉండండి" అన్నాడు సూరిబాబు.

ఆమె వేలు వెనక ఎడమవైపు మ్యూట్ మీదికి వెళ్ళింది. ఈసారి తీసేసేదేమిటో ఆమెకి తెలుసు. క్యారేజీ మూత మీద ఇంకో నాలుగు దెబ్బలు పడనిచ్చి, నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది.

మధ్య స్పీకర్లో మంగతాయారు నవ్వుతోంది. సూరిబాబు వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. డబ్బా చప్పుడు ఆగిపోయింది, ఆయన మడమ మాత్రం నేలకి ఆనలేదు. కాలవ గట్టు మీద సైకిలు ఆగకుండా వెళ్ళిపోయింది.